గట్టయ్య సారు మింగేసిన ‘సహ’

గట్టయ్య సారుకు లెక్కలంటే ప్రాణం, తెలుగు పుస్తకమంటే వణుకు. అందులో ఆయన తప్పేం లేదు లెండి. బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనిచేసే మనిషి కొడుకు. నిజాం కాలపు బడిలో అలిఫ్, బే దిద్దుకుని, కూడికల నుంచి క్షేత్రగణితం దాకా అంతా ఉర్దూలోనే చదివాడు. తీరా పంతులై సుద్దముక్క పట్టేనాటికి రాష్ట్రం మారింది, పుస్తకాలు తెలుగయ్యాయి. ముసల్లస్ అని నేర్చుకున్నదాన్ని త్రిభుజం అనాలి. అదన్నా నయం. సమద్విబాహు త్రిభుజం దగ్గరికి వచ్చేసరికి పాపం ఆయన నాలుక మెలిపడిపోయేది.

దానికో ఉపాయం కనిపెట్టాడాయన. నోరు తిరగని మాటకు తలో తోకో కోసేయడం! సమద్విబాహు త్రిభుజం ఆయన క్లాసులో ‘రెండు సమానాల త్రిభుజం’ అయిపోయింది. పిల్లలు నవ్వేవారు, కానీ అర్థం చేసుకునేవారు, మార్కులూ తెచ్చుకునేవారు. ఆరేడేళ్ళు ఆ కత్తి వల్ల ఎవరికీ గాయం కాలేదు. 1964లో ఒక్క మాట తల కోసినందుకు మాత్రం ఒక మనిషి నోటి దగ్గరి కూడు పోయింది. సారు చెప్పుకుంటే సిగ్గుపడే సంగతి అదొక్కటే, అందుకే అందరికీ చెప్పుకునేవాడు.

అప్పుడాయన మానేరు ఒడ్డున ఉన్న ఒక నేతగాళ్ళ ఊళ్ళో లెక్కల సారు. పై తరగతి కొత్త పుస్తకం చివర్న ఒక చిన్న పాఠం ఉంది. పేరు ‘సహసంబంధం’. రెండు రాశులు తీసుకుని, ఒకటి పెరిగితే రెండోది ఏమవుతోందో గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి చూడడం. పాఠం చూసి సారు మురిసిపోయాడు. పేరు చూసి నీరసపడ్డాడు. పిల్లల ముందు నిలబడి "సహస... సహసం..." అని రెండుసార్లు తడబడి, మూడోసారి కత్తి తీశాడు.

"సంబంధం," అన్నాడు. "రెండు రాశుల నడుమ సంబంధం. రాసుకోండ్రి."

క్లాసంతా గొల్లుమంది. సంబంధం అంటే ఆ వయసు పిల్లలకు ఒక్కటే తెలుసు మరి.

"ఎవలి సంబంధం సార్? లగ్గం ఎప్పుడు?" అని వెనక బెంచీ నుంచి ఎవడో అడిగాడు.

"నవ్వింది చాలు! ఇది లెక్కల సంబంధం. ఒకటి పెరుగుతుంటే ఇంకోటి పెరుగుతదా, తగ్గుతదా, దాన్ని పట్టించుకోనే పట్టించుకోదా, గది చూసుడు. మీ ఇండ్లల్ల రెండు సంగతులు పట్టుకోండ్రి. ఇరవై దినాలు లెక్క రాసి తేండ్రి."

ఆ క్లాసులో అనసూర్య అని సాలోళ్ళ పిల్ల ఉంది. తండ్రి కైలాసం ఇంటి ముందు గదిలో గుంట మగ్గం నేస్తాడు. ఆ పిల్ల ఏ రెండు సంగతులు పట్టుకుందో చెప్పాలంటే ముందు లింగవ్వ గురించి చెప్పాలి.

నూలుకు ఎండగాలి పడదు. గాలి పొడిబారితే మగ్గం మీద నిలువునా సాచిన పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. తెగిన పోగునల్లా వెతికి పట్టుకుని ముడేసేసరికి నేసే పొద్దంతా ముళ్ళకే పోతుంది. అందుకని మగ్గం గుంట చుట్టూ నేల తడిపి, తడి గోనెలు పరుస్తారు. సాలవాడలో ఆ నీళ్ళు మోసేది లింగవ్వ. ఆమె భర్తా నేతగాడే. అతను పోయి పదేళ్ళయింది, మగ్గమూ పోయింది. వాగు ఇసుకలో చెలిమె తోడి, కుండ నింపి, నెత్తిన పెట్టుకుని వాడలో నాలుగైదు ఇళ్ళకు పోసేది. ఇంటికింత జొన్నలు పెట్టేవారు. ఆమె బతుకు ఆ కుండలోనే ఉంది.

ఇక్కడ మన శకునాల శాస్త్రానికి పెద్ద చిక్కు వచ్చిపడింది. నిండు కుండ ఎదురొస్తే శుభం. మొగుడు పోయిన మనిషి ఎదురొస్తే అశుభం. మరి మొగుడు పోయిన మనిషి నిండు కుండతో ఎదురొస్తే ఏమనాలి? ఈ చిక్కు విప్పింది కైలాసం తల్లి చంద్రవ్వ.

"కుండ చెలిమెది. మొఖం లింగవ్వది," అనేసింది. "అది వచ్చిన పొద్దు పోగు నిలువది. కావాల్నంటే లెక్క చూసుకోండ్రి."

నీళ్ళు లేనిదే నేత సాగదు గనుక, వాడవాళ్ళు లింగవ్వను పెరటి దారిన రమ్మని, మొఖం తిప్పుకుని కుండ దింపించుకునేవారు. చంద్రవ్వ మాటకు వాడలో విలువ ఉంది. ఎందుకంటే ఆ పట్టింపు ఆమె ఇతరులకే చెప్పేది కాదు, తాను మొదట పాటించేది. ఆమె భర్త పోయి ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళూ, పొద్దున కొడుకు గుంటలో దిగి, పడుగులోంచి అడ్డపోగు నడిపే నాడెను మొదటిసారి విసిరేదాకా ఆమె పెరట్లోంచి ముందు గదిలోకి వచ్చిన పాపాన పోలేదు. టకటక చప్పుడు వినబడ్డాకే లోపలికి అడుగుపెట్టేది.

సరే, లెక్క చూసుకోమంది కదా, మనవరాలు చూసింది. రోజుకు లింగవ్వ ఎన్ని కుండలు తెచ్చింది, బాపు మగ్గం మీద ఎన్ని పోగులు తెగాయి. ఇరవై రోజులు ఒక్కరోజు తప్పకుండా రాసింది. మిగతా పిల్లలు కోడిపెట్టలనీ గుడ్లనీ, చుట్టాలనీ గిన్నెలనీ తలాతోకా లేని లెక్కలు తెచ్చారు. అనసూర్య కాగితం మీద చుక్కలు మాత్రం చీమల బారులా కింది మూల నుంచి పై మూలకు సాగిపోయాయి. రెండు కుండల నాడు నాలుగు పోగులు తెగాయి. అయిదు కుండల నాడు పదకొండు. తొమ్మిది కుండల నాడు పందొమ్మిది!

గట్టయ్య సారు ఆనందం చూడాలి ఆవేళ. అంత అందమైన గీత తన పిల్ల గీస్తుందని కలలో అనుకోలేదు.

"చూసిన్రా? ఎంత చక్కటి సంబంధం కుదిరిందో చూసిన్రా?" అని ఎగిరి గంతేసినంత పనిచేసి, కాగితాన్ని గోడకు అంటించాడు. పైన అనసూర్య గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘లింగవ్వ కుండలకు, తెగిన పోగులకు సంబంధం’. ఎందుకు కుదిరిందని ఆ పిల్లనొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. అడగలేదు మహానుభావుడు. గీతను చూసుకుంటూ ఉండిపోయాడు.

నాలుగు రోజులకు ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ పొద్దున క్లాసు గుమ్మంలో ఖాళీ కుండ చంకన పెట్టుకుని ఒక మనిషి వచ్చి నిలబడింది.

"గట్టయ్య సారు అంటే నువ్వేనా? నేను లింగవ్వను."

సారు బయటికి వచ్చాడు.

"నాకేందో సంబంధం చూసినవట గద సారూ! వాడంతా నవ్వుతుండ్రు. మనుమరాలిని ఎత్తుకున్నదాన్ని, నాకిప్పుడు లగ్గమా?"

సారుకు నవ్వొచ్చింది. నవ్వేలోపే ఆమె కళ్ళలో నీళ్ళు కనిపించాయి.

"గది నవ్వులాట అనుకున్న, పోనీ అనుకున్న. నిన్న కైలాసం కుండ దింపనియ్యలే. ఇయ్యాల ఎవ్వలు దింపనియ్యలే. లింగవ్వతోనే పోగులు తెగుతున్నయని సర్కారు బడిల లెక్క తేలిందట. సారే గోడకు అతికిచ్చిండట. పదేండ్ల సంది చాటుకు అంటుండిరి, నేను ఇననట్టే ఉంటి. ఇప్పుడు రాసి పెట్టిన్రు. నాకు సదువు రాదు. నా మీద ఏం రాసినవ్ సారూ? జర చదివి చెప్పు."

గట్టయ్య సారు గోడ మీది కాగితం వైపు తిరిగాడు. చదవడానికి నోరు రాలేదు. ఈసారి తెలుగు కష్టమై కాదు. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆమె చంకలోని ఖాళీ కుండను చూస్తూ నిలబడ్డాడు. తాను చేసిన పని ఏమిటో ఆయనకు అప్పటికి గాని తెలిసిరాలేదు.

బడి వదలగానే తిన్నగా సాలవాడకు పోయాడు. కైలాసం మర్యాదగానే అరుగు మీద చాప వేశాడు. నలుగురూ చేరారు.

"కైలాసం, మీరు తప్పు పట్టుకున్నరు. కాకి వాలంగనే తాటిపండు పడితే, కాకి పడేసినట్టా? ఊకె కలిసొచ్చిందంతే."

"కాకి ఒక్కనాడు వాలితే నువ్వన్నది ఖరే సారూ," అన్నాడు కైలాసం. "ఇరవై దినాలు వాలింది, ఇరవై దినాలు పండు పడ్డది. రెండుమార్లు వాలితే నాలుగు, తొమ్మిదిమార్లు వాలితే పందొమ్మిది. నా బిడ్డ రాసింది, నువ్వు శాబాష్ అన్నవ్. గిప్పుడు కాదంటే ఎట్ల?"

లోపలి నుంచి చంద్రవ్వ గొంతు వినబడింది. "నేను చెప్పినప్పుడు ముసల్దాని చాదస్తమన్నరు!"

సారు గీతే సారు నోరు నొక్కింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తాను తిట్టుకుంటూ లేచాడు. వీధి మలుపులో అనసూర్య పరుగెత్తుకుంటూ వచ్చి కలిసింది. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి ఉంది.

"సార్, తప్పు నాదే సార్. ఇప్పుడేం చేద్దాం?"

"నాది బిడ్డా, నీది కాదు. నువ్వు ఒక్క పని చెయ్యి. లెక్క ఆపకు. లింగవ్వ లేని దినాలు గూడ పోగులు లెక్కపెట్టు."

"తక్కువ తెగితే?"

ఆ ప్రశ్న ఆయననూ పీడిస్తూనే ఉంది. తక్కువ తెగితే లింగవ్వ కథ ముగిసినట్టే. ఇక ఏ వాడలోనూ ఆమె కుండ దిగదు.

"తక్కువ తెగితే తక్కువనే రాయి," అన్నాడు. "లెక్కల అబద్ధం రాయొద్దు."

తనూ ఒక లెక్క మొదలుపెట్టాడు. గాలి ఎంత పొడిగా ఉందో కొలిచే సాధనమేదీ బడిలో లేదు. సారు తన జేబులోని దస్తీగుడ్డను నీళ్ళలో ముంచి పిండి బడి వరండా దండెం మీద వేసి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడేవాడు. ఎన్ని నిమిషాల్లో ఆరితే అన్ని నిమిషాలు రాసుకునేవాడు. సారుకు మతి చలించిందని పిల్లలు చెవులు కొరుక్కున్నారు. ఆదివారం కూడా బడికి వచ్చి దస్తీ ఆరేసే మనిషిని చూసి ఏమనుకుంటారు మరి?

మొదటి మూడు రోజులూ దేవుడు ఆయన్ని ఆటపట్టించాడు. అకాలంగా మబ్బు పట్టి, చినుకులు పడ్డాయి. కైలాసం మగ్గం మీద అయిదు పోగులు, నాలుగు పోగులు, మళ్ళీ అయిదు. వాడంతా సంబరపడింది. "చూసిన్రా? దాని ఎదురు తప్పంగనే నూలు నిలిచింది" అని చంద్రవ్వ గెలిచిన పహిల్వానులా తిరిగింది. అనసూర్య ఆ అంకెలు తెచ్చి ఇస్తే సారు అన్నం సగంలో వదిలేశాడు. కానీ తన కాగితం చూసుకుంటే ఆ మూడు రోజులూ దస్తీ ఆరడానికి గంటన్నర పట్టింది. ఆ ఒక్క ఆశ పట్టుకుని కూర్చున్నాడు.

నాలుగో రోజు మబ్బు విరిగింది. ఉగాది దాటి ఎండ నిప్పులు చెరిగింది. దస్తీ అరగంటకు ఆరింది, పోగులు ఇరవై ఒకటి తెగాయి. తర్వాత ఇరవై అయిదు నిమిషాలు, ఇరవై నాలుగు పోగులు. ఆ పై వారం ఇరవై రెండు నిమిషాలకే దస్తీ అట్టలా బిగిసింది. ఆరోజు కైలాసం మగ్గం మీద ఇరవై తొమ్మిది పోగులు తెగాయి. కైలాసం రెండు కుండలు తానే మోసుకొచ్చి చూశాడు. వాగు దాకా పోయి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది, మగ్గం అలాగే ఉంది. లింగవ్వ మాత్రం ఆ రోజుల్లో ఊరవతల కందుల కల్లాల్లో రాలిన గింజలు ఏరుకుంటోందని అనసూర్య చెప్పింది.

సారు గోడ మీది కాగితం, తన దస్తీ లెక్క కాగితం రెండూ చుట్టుకుని మళ్ళీ కైలాసం ఇంటికి వెళ్ళాడు. ఈసారి కాకి కథ చెప్పలేదు.

"కైలాసం, ఒక్కటే మాట అడుగుత. లింగవ్వ ఏ దినం ఎన్ని కుండలు తేవాల్నో ఎవలు చెప్తుండె?"

"నేనే చెప్తుంటి."

"నీకెట్ల ఎరుక?"

"గిదేం మాట సారూ? పొద్దుగాల్ల పడుగు మీద చెయ్యి పెడ్త. పోగు మెత్తగ తాకితే రెండు కుండలు చాలంట. పెళుసుగ తాకితే ఎనిమిది, తొమ్మిది..."

అంటూ అంటూ కైలాసం ఆగిపోయాడు. నాడె చేతిలోనే ఉండిపోయింది.

"అంటే, పోగు తెగే దినం అని తెలిసే ఎక్కువ కుండలు తెమ్మన్నవ్," అన్నాడు సారు మెల్లగా. "కుండలు వచ్చినయని పోగులు తెగలే. తెగేటట్టున్నయనే కుండలు వచ్చినయ్. రెండిటినీ నడిపింది ఎండ. బిడ్డా, చదువు."

అనసూర్య తన పుస్తకం విప్పింది. "లింగవ్వ తొమ్మిది కుండలు పోసిన దినం పందొమ్మిది తెగినయ్ బాపూ. ఆమె లేక ఎండకొట్టిన దినం ఇరవై తొమ్మిది. ఆమె పోసిన నీళ్ళు పోగులను కాపాడినయ్."

తలుపు చాటు నుంచి చంద్రవ్వ గొంతు వచ్చింది, ఇదివరకటి అంత గట్టిగా కాదు.

"అంటే ఏందిరా కైలాసం? పెండ్లికొడుకును ఇడిచిపెట్టి, పక్కన కూసున్న తోటి పెండ్లికొడుకు మెడల దండేసినమా?"

"గదే! గదే అవ్వా!" గట్టయ్య సారు అరిచినంత పని చేశాడు. "ఎప్పుడు చూసినా పెండ్లికొడుకు పక్కనే ఉంటడు. అంత మాత్రాన పెండ్లికొడుకు ఐతడా? పుస్తకంల ఆ మాటే ఉండె అవ్వా. సహసంబంధం అని ఉండె. సహ అంటే తోటి, జతగ ఉండుడు. అంతే. నాకు నోరు తిరగదని సహ నేనే మింగేసిన. ఉత్త సంబంధం అన్న. మీరు దోషం అనుకున్నరు. తప్పు మీది కాదు, నాది."

అని జేబులోంచి పెన్సిలు తీసి, అరుగు మీద కాగితం పరిచి, అందరూ చూస్తుండగా ‘సంబంధం’ ముందు ఇరికించి ‘సహ’ అని రాశాడు. ఆయన చేతిరాత ఎప్పుడూ అంతే, కోడి కెలికినట్టుంటుంది. ఆ రెండక్షరాలు మాత్రం కుదురుగా వచ్చాయి.

మర్నాడు కైలాసం లింగవ్వ గుడిసెకు వెళ్ళాడు. సారూ వెంట వెళ్ళాడు. లింగవ్వ చాటలో కందులు చెరుగుతూ తలెత్తకుండా విన్నది.

"వస్త గని, ఒక్క మాట," అంది చివరికి. "పెరటి దిక్కు నుంచి వచ్చి కుండ దింపి పొమ్మంటే రాను. ముందటి నుంచి వస్త. నా మొఖం చూసి మొఖం తిప్పుకోవద్దు. గట్లయితెనే వస్త."

కైలాసం తటపటాయించాడు. అబద్ధమెందుకు, తాతల నాటి అలవాటు ఒక్క కాగితంతో పోతుందా? కైలాసం తల గోక్కుని, నేల చూసి, ఆకాశం చూసి అన్నాడు.

"ముందటి నుంచే రా వదినా. నేను గుంటల దిగకముందే రా."

అతను ఆమెను, భర్త పోయిన పదేళ్ళకు మళ్ళీ వదినా అని పిలిచాడని సారుకు అప్పుడు తెలియదు. లింగవ్వ చాట పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంటుంటే, కందుల దుమ్ము పడిందేమో అనుకున్నాడు.

ఆ మరుసటి పొద్దున లింగవ్వ మొదటి కుండ తెస్తుంటే, చూద్దామని సారు కూడా బడికి పోతూ పోతూ కైలాసం వాకిట్లో ఆగాడు. కైలాసం గుంట అంచున నిలబడి ఉన్నాడు. వాకిలి పక్కన అనసూర్య పుస్తకం పట్టుకుని ఉంది. లింగవ్వ నిండు కుండతో గడప దగ్గరికి వచ్చింది. కైలాసం మొఖం తిప్పుకోలేదు. కుండ అందుకోవడానికి ముందుకు అడుగేయబోయాడు.

అంతలో పెరటి తలుపు చప్పుడైంది. చంద్రవ్వ ముందు గదిలోకి వచ్చింది. కొడుకు ఇంకా గుంటలో దిగలేదు. నాడె ఇంకా కదలలేదు. అయినా వచ్చింది. వచ్చి, కొడుకు ఎదురుగా నడిచి, గడప దాటి, లింగవ్వ నెత్తి మీది కుండకు రెండు చేతులూ ఆనించింది.

"అవ్వా!" అన్నాడు కైలాసం. ఇరవై ఏళ్ళలో పొద్దున గుంటలో దిగకముందు తల్లి మొఖం చూడడం అదే మొదటిసారి.

"దించు లింగవ్వా, జర మెల్లగ," అంది చంద్రవ్వ. కుండ దించాక, కొంగుతో చేతులు తుడుచుకుంటూ మనవరాలి వైపు తిరిగింది. "బిడ్డా, ఇయ్యాల్టిసంది నన్ను గూడ లెక్కల రాయి. నేను ఎదురైన దినం ఎన్ని పోగులు తెగుతయో, నాకు గూడ తెలవాలె."

అనసూర్య సారు వైపు చూసింది. సారు తల ఊపాడు. మాట్లాడదామనుకున్నాడు గానీ, తెలుగే కాదు, ఆ క్షణాన ఆయనకు ఉర్దూ కూడా రాలేదు. ఆ పిల్ల పుస్తకంలో కొత్త గీత గీసి, పైన ‘నాయినమ్మ’ అని రాసుకుంది.

ఆ రోజు దస్తీ ఇరవై రెండు నిమిషాలకే ఆరింది. లింగవ్వ తొమ్మిది కుండలు పోసింది. సాయంత్రం అనసూర్య లెక్క చెప్పింది, పద్దెనిమిది.

"పద్దెనిమిదేనా? మంచిగ చూసినవా?" అని చంద్రవ్వ రెండుసార్లు అడిగింది. మూడోసారి తనే మగ్గం దగ్గర వంగి, ముళ్ళు వేలితో తడుముతూ లెక్కపెట్టుకుంది.

మర్నాడు లింగవ్వ మొదటి కుండతో వచ్చేసరికి చంద్రవ్వ వీధి గడప మీద తీరిగ్గా కూర్చుని పళ్ళు తోముకుంటోంది.